మిద్దె మీద తెల్లటి పొగ

అమ్మా షహర్‌బానూ, మీ మామ రాస్తున్నాను.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన వారం, మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు కఫీల్ పాత తుపాకీని సముద్రంలో పారేస్తానని మీ నాన్న జిలానీ నాకు మాటిచ్చాడు. పారేయలేదు. తూటాల్లో పాతరకం తుపాకిమందు కూరుతుంటే నేను అడ్డుపడ్డాను. "పుస్తకాలు చదివి చదివి పిరికోడివైనావు బావా," అని నవ్వాడు.

సాల్మియా పేటలో మా మిద్దె మీదినుంచి సైనికుల లారీపైకి ఒక్క గుండు పేల్చాడు. ఎవరికీ తగల్లేదు. ఆ తుపాకిమందు పొగ మాత్రం తెల్లగా పైకి లేచి, గుండు ఏ మిద్దె మీదినుంచి వచ్చిందో వాళ్లకు చూపించింది. మీ నాన్న వెనక మెట్లమీదుగా పారిపోయాడు. నీళ్ల ట్యాంకు దగ్గరున్న నా కొడుకు ఖాదర్‌ను వాళ్లు పట్టుకుపోయారు. వాడు తిరిగి రాలేదు.

మీ నాన్న సంతాప సంచికకు ఆయన ధైర్యం గురించి రాయమన్నావు. ఒక్క వాక్యం రాస్తాను, మార్చకుండా అచ్చు వేయించు. నా ఖాదర్‌ను సైనికుల చేతికి అప్పగించినవాడు జిలానీ.