బొమ్మ చూసి బిగించిన గేటు

గవరయ్యా,

నా తోట గేటు గురించి టీ కొట్టు దగ్గర చెప్పి అందరినీ నవ్వించావట. నీలాంటి వడ్రంగికి అది తగదు.

"మాస్టారూ, ఈ ఏటవాలు కర్ర కింద బందు కాడినుంచి పైకెల్లాలండి, నేకపోతే గేటు జారిపోతాది" అన్నావు. వడ్రంగం పుస్తకంలో బొమ్మ అలా లేదని నిన్ను తిట్టి పంపేసి, నేనే బిగించుకున్నాను. బొమ్మలో గేటు తిరిగే బందులు కుడివైపున ఉన్నాయి, మన గేటుకు ఎడమవైపున; అందుకే కర్ర వాలు తిరగబడింది. అది నిన్ననే చూశాను.

గేటు నేలలో కూరుకుపోయి నెల రోజులుగా తెరుచుకోవడం లేదు. తెరవమని పిలిచినవాడూ లేడు. అంతకుముందైనా ఈ ఇంటికి వచ్చింది నువ్వొక్కడివే.

ఒకసారి రా. పుస్తకం బయటికి తియ్యను. పిట్టగోడకు అటొకటి, ఇటొకటి స్టూళ్లు వేసి ఉంచాను. మెల్లగా దాటు.

మీ మాస్టారు