సేరెయ్యమన్నావు గదా

నవంబర్ 3, సోమవారం

నువ్వే మూయిస్తున్నావు ఆ బడిని. అవును, నువ్వే. చదివావు, బొటనవేలు గుర్తు నొక్కావు, కిందికి జారిపోయావు. ఇంకొకరికి పంపడానికి నీకు వేలు వంగలేదు. మూసేవాడిది ఒక పాపం, చూస్తూ కూర్చున్న నీది రెండు.

— ఈ రోజు పెట్టిన పోస్టు ఇది. ఏడోది. ఏడింటిలోనూ విషయం ఒకటే... ఈ నెల 29 లోపు ఒకటో తరగతికి ఇరవై పేర్లు రాకపోతే ఈ బెంగాలీ ఊళ్లోని మన బడిలో తెలుగు సెక్షన్ మూత. ఆ గదిలో విరిగిన బల్లలు పడేసుకుంటారట. రూతమ్మ టీచర్ ఇంటికి. బడి కమిటీ నోటీసు తలుపుకి అంటించి పోయింది — ఇంగ్లీషులో. ప్రతి పోస్టు చివరా అడుగుతున్నాను: షేర్ చేయండి, తెలిసిన ప్రతి తెలుగు ఇంటికీ పంపండి. గుమ్మం గుమ్మం తిరిగి అడుక్కున్నట్టుంది.

నవంబర్ 4

బొటనవేళ్లు నలభై ఒకటి. దండం పెట్టే చేతులు పదకొండు. షేర్లు సున్నా.

నవంబర్ 6, గురువారం

రూతమ్మ నా నోటుబుక్కుల కొట్టుకి వచ్చింది, సుద్దముక్కల కోసం. మూసేయబోయే గదికి సుద్దముక్కలు! బడి అయ్యాక ఇల్లిల్లూ తిరుగుతోంది. చెప్పులు అరిగిపోయి మడమ నేలకి తగులుతోంది. పేర్లు తొమ్మిది.

నేను కమిటీని తిడుతూనే ఉన్నాను. ఆవిడ సుద్దముక్కల పెట్టె విప్పి విరిగినవేమైనా ఉన్నాయేమో చూసుకుంటోంది.

"కోప్పడకక్కా. కోపానికి పేర్లొస్తే ఈపాటికి నీ దగ్గర నూరుండేవి."

నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నవంబర్ 8

హిజ్లీ ఇంజనీరింగ్ క్యాంపస్ నుంచి ఒక ప్రొఫెసర్ గారి వ్యాఖ్య: "అద్భుతంగా రాశారు మేడమ్, మీ శైలి చాలా పదునుగా ఉంది." శైలి! షేర్ చేయండి సార్ అన్నాను. "మేము ఇక్కడి వాళ్లం కాదు కదా, లోకల్ విషయాల్లో..." తెలుగు బాగా చదవగలిగినవాడికి ఈ ఊరు తనది కాదు. ఈ ఊరు తమది అనుకునేవాళ్లు నోరెత్తరు. ఎక్కడికి పోను?

నవంబర్ 9, ఆదివారం

మా ఆయన అన్నం తింటూ — "ఏటి మేడమ్, ఈ వేళ ఎవుల్ని ఉతికినారు?"

"పిరికివాళ్లని."

"సెప్పు సేత్తో పట్టుకుని తలుపు కొడితే ఎవుడు తీస్తాడే?"

పులుసు ఆయన వైపు జరపలేదు. ఆయనే లేచి వేసుకున్నాడు.

నవంబర్ 11

చేశాను. పేర్లతో సహా పెట్టాను. బొటనవేలు నొక్కి షేర్ చేయని మన ఊరివాళ్లు, వరుసగా ముప్పై మూడు మంది. పైన శీర్షిక: "వీళ్లు చదివారు, నోరు మూసుకున్నారు." ఇప్పుడు కదులుతారు.

నవంబర్ 12, బుధవారం

కదిలారు. రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసే అప్పలరాజు కదిలి నా కొట్టుకే వచ్చాడు. జాబితాలో పద్నాలుగోవాడు. చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. కొట్టులో ఇద్దరు బెంగాలీ ఆడవాళ్లు నోటుబుక్కులు చూస్తున్నారు. వాళ్లు వెళ్లేదాకా బయట నిలబడ్డాడు. అది మర్యాద. నాకు లేనిది.

"అక్కా, నువ్వు రాసింది మా నాన్న సదివి ఇనిపించినాడు. ఇంటిల్లిపాదీ ముందర. నేను పిరికోణ్నట."

"మరి షేర్ ఎందుకు చెయ్యలేదు?"

"నాకు తెలుగు సదవడం రాదక్కా."

చేతిలోని నోటుబుక్కు బల్ల మీద పెట్టేశాను.

"హిందీ మీడియం గదా నాది. మాటాడతాను, అంతే. నీ ఫొటో కనపడితే మనక్క ఏదో మంచి రాసుంటాదిలే అని నొక్కినాను."

మీ పాప అయిదేళ్లది కదా, పేరివ్వొచ్చు కదా అన్నాను. అప్పుడు కూడా అడగడమే నా నోటికి తెలిసింది.

"ఇంటికొచ్చి ఇదేటి నాన్నా అని అడిగితే ఏటి సెప్పను? నాకే రాదు."

వెళ్లిపోయాడు. కుర్చీ వేసి కూర్చోమని కూడా అనలేదు నేను.

నవంబర్ 13

జాబితా తీసేశాను. చూడాల్సినవాళ్లందరూ చూసేశాక.

చదువు రానివాళ్లు కాగితం మీద వేసేది ఏమిటి? వేలిముద్ర. నలభై ఒక్క బొటనవేళ్లు నా ముందు పరిచి ఉంటే, అవి వేలిముద్రలని నాకు తట్టలేదు. తెలుగు పోతోందని, తెలుగు చదవడం రానివాళ్లకి, తెలుగులో రాశాను. ఇన్నిసార్లు.

మా అమ్మాయి స్వప్నని అడిగాను, నా పోస్టులు చదువుతావా అని. "నీ మొహం సూసి లైక్ కొడతానమ్మా. ఇంగ్లీష్‌లో రాయొచ్చు కదా." ఇంగ్లీషు బడికి పంపింది ఎవరు? నేనే. ఈ డైరీ తెరిచి బల్ల మీద వదిలేసినా నా కూతురు ఒక్క వాక్యం చదవలేదు. దాచుకోవాల్సిన అవసరం లేదని ఇన్నాళ్లూ గమనించనే లేదు.

నవంబర్ 15, శనివారం

రాయను. మాట్లాడతాను.

కొట్టు తలుపు దగ్గరగా వేసి రికార్డు చేశాను. స్వప్న విని పొట్ట పట్టుకుని నవ్వింది. "ఎవులమ్మా ఈవిడ? వార్తలు సదువుతోందా?" చెరిపేశాను. రెండోసారి ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాను — రూతమ్మ గురించి, గది గురించి, చదవడం రాకపోవడం మన తప్పు కాదని, నేను తిట్టినందుకు తప్పు నాదని. చివర్న ఎప్పటి మాటే: అందరూ సేర్ సెయ్యండి. మా యాసలో షేర్ అలాగే వస్తుంది మరి. దిద్దుకోలేదు.

నవంబర్ 18

షేర్లు రెండు. ఒకటి స్వప్నది. పేర్లు పదకొండు.

నవంబర్ 19

రూతమ్మ ఫోన్ చేసింది. "అక్కా, నిమ్‌పురా నుంచి ఒక్క పూటలో అయిదుగురొచ్చినారు. ఏటి సేసినావు?" ఏమీ చెయ్యలేదు. అంకె చూశాను — షేర్లు ఇంకా రెండే.

నవంబర్ 20, గురువారం

నిమ్‌పురా రైల్వే క్వార్టర్లకి వెళ్లాను. సంగతి తెలిసింది. మా ఆయన మేనత్త నూకాలు పెద్దమ్మ. అరవై మూడేళ్లు, ఫోన్ లేదు, మోకాళ్లు రెండూ వాచి ఉన్నాయి. కోడలి ఫోన్‌లో నా మాట వింది. క్వార్టర్ల వరుసంతా తిరిగింది, రెండు రోజులు.

"ఎందుకు పెద్దమ్మా, ఈ కాళ్లతో?"

"నువ్వే గదే, సేరెయ్యండి సేరెయ్యండి అని అంత ఇదిగా అరిసినావు. సేరెయ్యమన్నావు గదా అని సేరేసినాను."

షేర్ చెయ్యమన్నాను. ఆవిడకి చేరవెయ్యమన్నట్టు వినపడింది. ఈ కబురు మోసుకెళ్లి ఇంటింటికీ చేరవెయ్యమని. ఎవరో ఒక మనిషి లేచి చెయ్యాల్సిన పనే అనుకుంది.

"ఏమని చెప్పావు?"

"టీచరమ్మ ఏడుస్తాందని సెప్పినాను."

"ఆవిడ ఏడవలేదు పెద్దమ్మా. నేను అలా అనలేదు."

"నువ్వు అనలేదు. నాను అన్నాను. ఏడవదేటి మరి? నీ కబురు సప్పగా ఉందే పిల్లా."

పాతికేళ్లుగా రాస్తున్నాను. చప్పగా ఉందట! కాళ్లకి నూనె రాస్తాను ఉండమంటే, ముందు టీ తాగు అంది.

నవంబర్ 24, సోమవారం

అప్పలరాజు. గుమ్మంలోనే నిలబడి — "పాప పేరు రాసుకో. నీ కోసం కాదు." సరే అన్నాను. "ఒక సంగతి. టీచరమ్మ సాయంకాలం నాకు కూడా సెప్తానంటేనే. దానికంటే ఒక పాఠం ముందుండాల నేను." ఈసారి కుర్చీ వేశాను. కూర్చోలేదు. ఇంకా కోపం ఉంది, ఉండాలి కూడా.

పదిహేడు.

నవంబర్ 27

కమిటీ సెక్రటరీని, మేం దాదా అని పిలిచే ఆయన్ని, కలిశాం — నేను, రూతమ్మ. మర్యాదస్తుడే, టీ ఇప్పించాడు. "దీదీ, మీ ఫీలింగ్ ఠీక్ హై. లేకిన్ ఇరవై అంటే ఇరవై." పదిహేడుకీ ఇరవైకీ మధ్య ఒక మనిషి బతుకుంది కదండీ అన్నాను. గొంతు పెంచకుండానే. ఆయన పెన్ను మూత పెట్టుకున్నాడు. బయటికొచ్చాక రూతమ్మ నా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. పెద్దమ్మ అబద్ధం చెప్పలేదు... పది రోజులు ముందు చెప్పింది, అంతే.

నవంబర్ 28, శుక్రవారం

పేర్లు పదిహేడు దగ్గరే ఆగాయి. పెద్దమ్మ కోడలితో ఫోన్ చేయించింది: "మూడు తక్కువైతే నా పేరు రాయి. బల్ల మీద కూసోడానికేటి, కిందైతే లెగలేను గానీ." అప్పలరాజుకి ఎలాగూ చదువుకోవాలని ఉంది, అతనిది పందొమ్మిదోది. ఇరవయ్యోది స్వప్నని అడిగాను. "సూద్దాంలే అమ్మా" అంది, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. పెన్సిల్‌తో రాసి ఉంచాను.

చట్టం ఒప్పుతుందో లేదో తెలియదు. రేపు పదకొండింటికి కమిటీ ముందు చదవాలి, ఈ సాయంత్రమే మనవాళ్లందరికీ గొంతు రికార్డు చేసి కూడా పంపాలి. తిట్లు కొట్టేశాను. మిగిలిన కోరికలు ఇవి —

1. తెలుగు ఒకటో తరగతి జనవరిలో తెరవాలి.

2. రూతమ్మ టీచర్‌ని తీసేయకూడదు.

3. విరిగిన బల్లలు బాగు చేయించాలి. దాచడానికి గది అడగకూడదు.

4. రోజూ సాయంత్రం ఒక గంట పెద్దవాళ్లకి ఇవ్వాలి.

5. నోటీసు తలుపుకి అంటించి పోకూడదు. కమిటీ మనిషి ఒకరు వచ్చి, మాకు అర్థమయ్యే మాటలో, నిలబడి చెప్పాలి.

6. పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై — ఈ మూడు పేర్లకి వయసు అడగకూడదు.