నేనిచ్చిన పాలు

రూతూ,

నిన్న నువ్వు ఫోన్ చేసి "బాబు బోర్లపడ్డడు, బచ్చాలు చేస్తున్న, రా వదినె" అంటే, బొబ్బట్లు తినడానికి రాలేను, నడుం పట్టేసిందని అబద్ధమాడాను. అసలు సంగతి నోటితో చెప్పలేకపోయాను. లారీ నడిపే మా ఆయనకు హెచ్‌ఐవీ ఉందని ఈ వారమే తెలిసింది. వచ్చే శుక్రవారం సూర్యాపేట దవాఖానలో నాకూ నా బిడ్డకూ పరీక్ష.

కాన్పయ్యాక నువ్వు ఒళ్లు తెలియని జ్వరంతో పడి ఉన్నప్పుడు, నా బిడ్డతో పాటు నీ కొడుక్కీ నేనే పాలిచ్చాను కదా. అమ్మ డబ్బా పాలు తెప్పిస్తానంటే, "నేనుండంగ గవెందుకే?" అని గొప్పగా కసిరాను. ఆ మాటే ఇప్పుడు నన్ను తినేస్తోంది. నాకు ఉంటే పాల ద్వారా బాబుకూ సోకి ఉండొచ్చని కౌన్సిలర్ మేడం చెప్పింది. నాకు లేకపోతే వాడికీ భయం లేదట. అయినా ఆగకు, ఆ రోజే వాడినీ తీసుకురా.

దావీదుకు నువ్వే చెప్పు, నీ మొగుడే కదా. తమ్ముడి ముందు నాకు నోరు పెగలదు. తిడితే తిట్టనీ.

సూర్యాపేటలో మీ చివ్వెంల బస్సు ఆగేచోట నిలబడి ఉంటాను. "ఎత్తుకుంటే ఏం కాదమ్మా" అని మేడం చెప్పింది. అయినా బాబును నువ్వే నా చేతుల్లో పెట్టేదాకా నేను చేయి చాపను.

నీ వదినె