పాత పెట్టె ముట్టుకోవద్దు

బాబాయికి,

నమస్కారాలు. పిన్నిని అడిగానని చెప్పు. కంప్యూటర్ నెట్‌వర్కుల మీద పీహెచ్‌డీ చేస్తూ కాగితం మీద ఉత్తరమేమిటని నవ్వకు. మా బ్లాకులో నెట్ సంగతి తెలిస్తే ఉత్తరమే నయమంటావు. మధ్యాహ్నం భోజనాలు చేసి అందరూ వచ్చి కూర్చుంటే చాలు, నెట్ కూలబడిపోతుంది. పక్క గదిలో ఉన్న గైడు సార్‌కి ఫైలు పంపి, వెళ్లి ఎదురుగా నిలబడతాను. ఆయన నన్ను చూస్తారు, నేను ఆయన్ని చూస్తాను, ఫైలు మాత్రం రాదు. అంతా కారిడార్లో ఉన్న పాత నెట్‌వర్కు పెట్టె చలవ. అందరి పనీ దాని గుండానే పోవాలి మరి.

ఈ ఏడాదిలో థీసిస్ ఇచ్చెయ్యాలి. లేకపోతే నా సీటు పోతుంది, ఇన్నాళ్ల చదువూ నీళ్లపాలే.

ఇట్లు,
నీ అమ్మడు

తా.క. ఆ పెట్టె మీద "ముట్టుకోవద్దు" అని నేనే రాసి అంటించాను.

*

చిరంజీవి అమ్మడికి బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సహించలేదు. అందరికీ లైన్లు వేయించే శాఖలో ఇంత ఇంజనీరుని నేనుండగా మా అన్న కూతురికి నెట్ రాదా? నలుగురికీ తెలిస్తే నా పరువేం కావాలి? వెంటనే మా పెద్దాఫీసరు చెవిలో వేశాను. మీ బ్లాకుకి కొత్త లైను, కొత్త పెట్టె మంజూరు చేయిస్తున్నాను. నువ్వు నిశ్చింతగా చదువుకో తల్లీ.

మీ బాబాయి

తా.క. నేను కూడా ఉత్తరాలే రాస్తానని నవ్వకు. ఆ లైన్లు వేయించేది నేనే కదా, వాటి సంగతి నాకు తెలుసు.

*

బాబాయ్!

నీ కాళ్లకి దండం పెడతాను, ఆ పని మాత్రం చెయ్యకు. నా పరిశోధనంతా ఆ పాడు పెట్టె మీదే. రద్దీ పెరిగితే సమాచారం ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ తప్పిపోతుంది అని ఏడాది పొడుగునా ఒకే పెట్టె మీద కొలవాలి. చివరి నెలల్లో ఉన్నాను. అది బాగుపడితే నాకు కొలవడానికి ఏమీ మిగలదు. జబ్బు మీద చదివేదాని దగ్గర్నుంచి రోగిని ఇంటికి పంపించేస్తే ఎలా చెప్పు?

నెట్‌ని తిట్టుకోవడం మాకో కాలక్షేపం. దాన్ని పట్టించుకోకు.

అమ్మడు

తా.క. ఇది మొహమాటం కాదు. నిజంగా వద్దు.

*

అమ్మడికి,

మొహమాటం కాదని పనిగట్టుకుని రాశావు చూడు, అక్కడే దొరికిపోయావు. మన ఇంటి ఆడపిల్లలందరికీ ఇదే జబ్బు. రెండోసారి వడ్డించబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెడతారు, లోపల ఆకలి నకనకలాడుతుంటుంది. నెట్ పాడైతేనే మంచిదట! ఎవరో పక్కన నిలబడి రాయించారని నాకు తెలీదా? మీ గైడే అయ్యుంటాడు.

అందుకే నువ్వు సెలవులకి మీ అమ్మ దగ్గరికి వెళ్లేదాకా ఆగి, మనుషుల్ని వెంటబెట్టుకుని నేనే వచ్చాను. పాత పెట్టె పీకించి తుక్కు బండి ఎక్కించాను. మీ డైరెక్టరుగారు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఫోటో దిగాం. మీ గైడుగారూ పక్కనే ఉన్నారు. సంతోషంతో పాపం ఆయనకి నోట మాట రాలేదు.

మీ బాబాయి

తా.క. పెట్టె మీద నీ చేతిరాత గుర్తుపట్టాను. షాక్ కొడుతుందని భయపడి రాసుంటావు. ఆ కాగితం చిరగకుండా ఊడదీసి జ్ఞాపకంగా దాచుకున్నాను.

*

బాబాయికి,

కొత్త నెట్ బ్రహ్మాండంగా ఉంది. నేను కుర్చీలోంచి లేచేలోపే ఫైలు సార్ దగ్గరికి చేరిపోతోంది. ఎక్కడా ఏదీ పోవడం లేదు, నా పీహెచ్‌డీ తప్ప.

మధ్యలో పెట్టె మారిపోయింది కాబట్టి కొలతలు చెల్లవంది కమిటీ. డైరెక్టరు ఎదుట పెదవి విప్పని సార్, నా ఎదుట మాత్రం తీరిగ్గా విప్పారు. గడువు పెంచమని కమిటీని అడిగితే "సకల సౌకర్యాలూ కల్పించినా పూర్తి చేయలేకపోయినది" అని రాసి సంతకం పెట్టారు. సీటు పోయింది. బాగా ఏడ్చాను. నీ మీద కోపంతోనే ఏడ్చాను బాబాయ్, దాచుకోవడం ఎందుకు?

మళ్లీ మొదలుపెట్టే ఓపిక లేదు. ఆఫీసుల్లో నెట్ బాగుచేసే కంపెనీలో చేరాను. ఫోన్లో తిట్లు విని, ఫిర్యాదు రాసుకుని, రిపేరు మనుషుల్ని పంపించడం నా పని.

అమ్మడు

తా.క. ఏడ్చిన సంగతి పిన్నికి చెప్పకు. తనొస్తే ఓదార్చాల్సింది మళ్లీ నేనే.

*

చిరంజీవి అమ్మడికి,

ఊరుకో తల్లీ, ఊరుకో. నీ సీటు పరాయివాళ్ల పాలు కాలేదు. నాకే ఇచ్చారు! ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా పరిశోధన చెయ్యొచ్చట. ఇంత బాగా నెట్ పెట్టించిన మనిషని డైరెక్టరుగారే పిలిచి మరీ ఇచ్చారు. మన ఇంటి సీటు మన ఇంట్లోనే ఉంది, ఇంకేం కావాలి? గైడు కూడా మీ సారే. మొదట్లో మొహం మాడ్చుకున్నారు గానీ ఇప్పుడు కలిసిపోయారు.

విషయం కూడా నీదే. మా ఆఫీసు పై అంతస్తులో ఒక పెట్టె అచ్చం నీ పాతదానిలాగే మధ్యాహ్నానికి కూలబడుతోంది. బంగారం లాంటి పెట్టె అన్నారు సార్. ఏడాదిపాటు దాని జోలికి ఎవరూ పోకూడదు. మా గుమాస్తాలకి ఓపిక లేదు, మీ కంపెనీకే ఫిర్యాదు పెట్టారట. నీ బల్ల మీదికొస్తే పక్కన పడెయ్యి.

మీ బాబాయి

తా.క. నువ్వు రాసిన "ముట్టుకోవద్దు" కాగితం దానికే అంటించాను. దాచుకున్నందుకు పనికొచ్చింది చూశావా!

*

పరిశోధకులైన బాబాయికి,

నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సహించలేదు. నేనిక్కడ ఇంత కుర్చీ వేసుకుని కూర్చుని ఉండగా మా బాబాయికి నెట్ రాదా? వద్దని రాశావు. మన ఇంటి మొహమాటం నాకు తెలీదా?

నువ్వు ఆఫీసులో లేని రోజు చూసి మావాళ్లు వచ్చి వెళ్లారు. కొత్త పెట్టె పెట్టారు. పాతది తుక్కు బండి ఎక్కేసింది. మీ గుమాస్తాలు సంతోషంగా ఉన్నారని కబురు.

ఇట్లు,
నీ అమ్మడు

తా.క. దాని మీది కాగితం మాత్రం చిరగకుండా ఊడదీసి నాకు తెచ్చిమ్మని చెప్పాను. తెచ్చారు. నా పీహెచ్‌డీలో మిగిలింది అదొక్కటే బాబాయ్.