ఎర్రగీతలు తాతకి, చెక్కని పెన్సిలు నాకు

మార్చి 1, శుక్రవారం. ఉదయం 6.10
మసీదు గ్రంథాలయం బీరువాకి తాళం పడి ఇవాళ్టికి పన్నెండు రోజులు. వేసింది గ్రంథాలయం చూసుకునే తాళాల తాత. జనం కోసం దిగిన గ్రంథం, జనానికి అర్థమయ్యే తెలుగులో ఉంటే, దానికి ఇత్తడి తాళమా!
ప్రతిజ్ఞ: ముప్పై రోజుల్లో ఖురాన్ అనువాదం ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా చదువుతా. తొమ్మిది వందల పేజీలు. రోజుకి ముప్పై. నెలాఖరున సభ పెట్టి తాతని నిలదీస్తా.
అదృష్టం, ఇంట్లో నా కాపీ ఉంది. బైండింగు షాపులో పని నేర్చుకునే రోజుల్లో నా చేత్తో కుట్టి, కొత్త అట్ట వేసిన మొదటి పుస్తకం.
సరంజామా: ఎర్ర పెన్ను, తాతకి తగిలే వాక్యాలకి. నీలం, మసీదు కమిటీ పెద్దలకి. ఆకుపచ్చ, అక్కకి. పెన్సిలు, నాకు. ఇంకా చెక్కలేదు. తొందరేముంది?

6.40
మొదటి అధ్యాయం అయిపోయింది! ఏడే వాక్యాలు. చిన్నప్పట్నుంచీ అరబీలో గడగడా అప్పజెప్పినవే. "మాకు సరైన దారి చూపించు" అని రోజూ అడుగుతున్నానట! ఇన్నాళ్లూ దారి చూపించేది నేనే అనుకున్నా.

మార్చి 2
పదకొండు పేజీలు. మిగతా పంతొమ్మిది రేపటి ముప్పైతో కలిపి.
దొరికింది! "ఇతరులకి మంచి బోధిస్తూ మీ సంగతి మీరే మరిచిపోతారా? గ్రంథం చదువుతూ కూడా!" ఎర్రగీతలు రెండు. అచ్చం తాత గురించే!
అక్కకి వినిపించా. ఇస్త్రీ ఆపకుండానే అంది: "తాళం ఎందుకేశాడో ఆయన్నే అడగొచ్చుగా?"
"అడిగితే చెప్తారా ఇలాంటివాళ్లు?"
"ఒరేయ్, నువ్వు చదువుతున్నావా, సాక్ష్యాలు ఏరుతున్నావా?"
ఆకుపచ్చ గీత ఎక్కడ గీయాలో ఇంకా దొరకలేదు.

మార్చి 4
పేజీలు: నాలుగు. కారణం: అడుగున వివరణలు మరీ చీమ తలకాయంత అక్షరాలు.
సాయంత్రం 5. తాళాల తాత మా గుమ్మంలో! భయపడ్డాడన్నమాట. లేనని చెప్పమని తలుపు వెనకనుంచి అక్కకి సైగ చేశా.
"లేనని చెప్పమంటున్నాడు తాతా," అంది. శత్రువులు ఎక్కడో ఉండరు.
"సరేలేమ్మా. వాడు ఉన్నప్పుడే వస్తా," అని వెళ్లిపోయాడు.

మార్చి 7
పేజీలు: సున్నా. కానీ కరపత్రం పూర్తి! "జ్ఞానానికి తాళం వేసిందెవరు?" షాపులో మేస్త్రి భోజనానికి వెళ్లగానే రెండు వందల కాపీలు తీసేశా. తాత పుస్తకాలు అమ్ముకుంటున్నాడని కూడా రాశా. ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నిప్పు లేనిదే పొగ రాదు కదా.

మార్చి 8
విజయం! నమాజు అవగానే కమిటీ పెద్దలు అందరి ముందూ తాత దగ్గర తాళంచెవి తీసుకున్నారు. నడుముకి కట్టుకున్న తాడు ముడి విప్పడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. చెవి వాళ్ల చేతిలో పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు.
బీరువా తెరిస్తే నూట నలభై పుస్తకాలకి పదకొండే ఉన్నాయి. చూశారా! అమ్మేశాడు!
ఇవాళ చదవడానికి తీరికెక్కడిది.

మార్చి 12
రెండో కరపత్రానికి వాక్యాలు వెతుకుతున్నా. అది కూడా చదవడమే. నలభై తొమ్మిదో అధ్యాయం తగిలింది: "దుష్టుడెవడైనా మీకో వార్త తెస్తే ముందు విచారించండి. తెలియక కొందరికి హాని చేసి, తర్వాత చేసినదానికి బాధపడాల్సి రాకుండా."
వార్త తెచ్చిందెవరు? నేను.
చెయ్యి తగిలి గ్లాసులో టీ అట్ట మీద ఒలికింది. ఆరబెడుతుంటే, అట్ట లోపల నేను అతికించిన తెల్లకాగితం ఉబ్బి లేచింది. దాని కింద ముద్ర: మసీదు గ్రంథాలయం. పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వాలి. దాని కింద నా సంతకం. నాలుగేళ్ల కిందటిది.
అప్పుడూ ముప్పై రోజుల ప్రతిజ్ఞే. ఇప్పుడు గుర్తొచ్చింది.

మార్చి 13
సాకులు: ఒకటి, అప్పుడు నాది చిన్నతనం. రెండు, పుస్తకాన్ని బాగు చేశాను కదా.
అక్క భుజం మీదుగా చూసి, "మూడోది, తాత అమ్ముకున్నాడు. అది రాయలేదేం?" అంది.
పుస్తకం పట్టుకుని తాత ఇంటికి వెళ్లా. తెరిచి, వేలితో తడిమి, "కుట్టు బాగా వేశావురా," అన్నాడు. ఓ నోటుబుక్కు చేతికిచ్చాడు. నూట ఇరవై తొమ్మిది పుస్తకాలు ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయో అన్నీ అందులో ఉన్నాయి. మొదటి వరసలో నేను. కమిటీ పెద్దల దగ్గర పదిహేడు. మిగిలిన పదకొండైనా పోకుండా తాళం వేసి, ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నాడట.
"మరి అందరి ముందూ చెప్పలేదేం తాతా?"
"చెప్తే పేర్లన్నీ చదవాలి కదరా. నీతోనే మొదలు."
తిట్టినా బాగుండేది.

మార్చి 14. ఉదయం 6.10
ప్రతిజ్ఞ: మళ్లీ మొదటి పేజీ నుంచి. రోజుకి ముప్పై కాదు, ఒకటి. తాత అదే పుస్తకం పదిహేను రోజుల గడువుకి ఇచ్చాడు. తర్వాత మళ్లీ వెళ్లి అడగాలి. అడగడం కూడా నేర్చుకోవాలిగా.
పెన్సిలు చెక్కా. ఆ రెండు ఎర్రగీతల కింద ఇంకోటి గీశా. చిన్నగా. గ్రంథాలయం పుస్తకం కదా.
మూడో కరపత్రం. ఈసారి మేస్త్రిని అడిగే తీస్తా:
"తాళాల తాత పుస్తకాలు అమ్మాడని రాసింది నేనే. అది అబద్ధం. పట్టుకెళ్లి ఇవ్వనిది మనం. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకి మసీదు వసారాలో, బీరువా ముందు కలుద్దాం. ఇంట్లో ఉన్న పుస్తకాలు పట్టుకురండి. తాళంచెవి తాత చేతికి తిరిగి వచ్చేదాకా ఎవరూ కదలొద్దు. కమిటీ పెద్దలకి మనవి: మీరు పదిహేడు మోసుకురావాలి, సంచులు మరిచిపోకండి."