అమ్మ ఏడ్చిన రాగం

శుక్రవారం రాత్రి, నాగర్‌కర్నూల్

ఇయ్యాల పాన్‌గల్‌ల అమ్మమ్మను మట్టిల పెట్టి వచ్చినం.

అమ్మ ఒక్క పాటన్న పాడంగ ఎన్నడు వినలే నేను. గసోంటిది అమ్మమ్మ మీద పడి, "నన్ను కన్న తల్లీ, ఇగ నా తొవ్వ ఎవరు సూస్తరే" అని రాగం తీసి ఏడుస్తుంటే వాకిలంత ఏడ్చింది. నాకు మాత్రం కండ్ల నీళ్లు రాలే. నా వేళ్లు మోకాలు మీద తాళం కొడుతున్నయ్. సూసుకొని సిగ్గయ్యి చెయ్యి జేబుల పెట్టుకున్న. జేబుల గూడ ఆగలే.

పాటలు చేస్తనని లాప్‌టాప్ కొన్నకాడి నుంచి, పోయినప్పుడల్లా అమ్మమ్మది ఒకటే మాట: "ఏమైందిరా నీ పాట?"

"ఇంక ఏం తడ్తలేదు అమ్మమ్మా" అంటుంటి.

ఇంటికొచ్చినంక అమ్మకు తాళం సంగతి చెప్పిన. తిడ్తదనుకున్న. గొంతు పోయి మెల్లగ అన్నది: "గా రాగం నాది కాదు బిడ్డా. మా నాయిన పోయిననాడు అమ్మ గట్లనే ఏడ్చింది."

లాప్‌టాప్ తెరిచి గా రాగానికి గదే తాళం కొట్టిన. మొదటిసారి పాట కుదిరింది. మంచిగ గూడ ఉన్నది, గదే నా బాధ.

ఇప్పుడడుగు అమ్మమ్మా. ఏమైందిరా నీ పాట అని ఇప్పుడడుగు.