తమ్ముడి కృతజ్ఞత విందులో ఒక్క ప్లేటు

తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున. మిచిగన్ రాష్ట్రం, ఫార్మింగ్టన్ హిల్స్‌లో కాపురముంటున్న కొల్లాబత్తుల అబ్రహాం అను నేను, డెబ్బయ్యొకటవ ఏట, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా రాసుకున్న వీలునామా. నా మోకాళ్లు అరిగాయి గాని బుద్ధి అరగలేదు. పోయిన ఆదివారమే మందిరంలో కాగితం చూడకుండా గంటసేపు ప్రసంగించాను. అందులో ఎవరెవరు నిద్రపోయారో పేర్లతో సహా చెప్పగలను. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలు ఏవైనా ఉంటే ఇందుమూలంగా రద్దు.

1. దీన్ని అమలు చేసే బాధ్యత నా కూతురు షారన్‌ది. నా ఇల్లూ కారూ తనకే చెందాలి. కారు బ్రేకులు ఒకసారి చూపించుకో తల్లీ.

2. నా తమ్ముడు సుందరరావుకు డబ్బు రూపేణా ఏమీ రాయడం లేదు. నన్ను తిట్టుకునే ముందు కారణం వినండి. కార్ల కంపెనీలో ఇంజనీరుగా ఉంటూ నన్ను ఈ దేశానికి రప్పించింది వాడే. పక్షవాతం వచ్చి వాడి మాట, కుడిచెయ్యి, కుడికాలు పడిపోయినప్పుడు, వాడి డబ్బు ఎవరు చూడాలని నేనూ మా చెల్లెలు దెబోరా కోర్టులో నేనంటే నేనని వాదించుకున్నాం. జడ్జి గారు ఇద్దరినీ కాదని ఒక ప్రభుత్వ అధికారిణికి అప్పగించారు. ఇప్పుడు వాడికి నేనేం రాసినా ఆవిడ చేతికే పోతుంది. ఆవిడ నిజాయితీపరురాలు, వాడి మందులకూ, వాడుండే హోమ్ అద్దెకూ ఏనాడూ ఆలస్యం చేయలేదు. వాడి సంతోషానికే ఆవిడ దగ్గర పద్దు లేదు. కాబట్టి నా వాలుకుర్చీ, ఉన్ని కోటు, మా అమ్మ పాటల క్యాసెట్టు, దాన్ని వేసే టేపు రికార్డరు వాడివి.

3. షారన్, ప్రతి ఆదివారం మందిరానికి బయలుదేరే ముందు మీ బాబాయి చొక్కా జేబులో ఒక నోటు పెట్టు. కానుకల సంచి దగ్గరికి రాగానే వాడు ఎడమచేత్తో జేబు తడుముకోవడం నువ్వూ చూశావు. జీవితమంతా ఇచ్చినవాడు. వాడికి చొక్కాలు కొంటే జేబున్నవే కొను.

4. ఇక దెబోరా. తమ్ముడు మళ్లీ నడిచాక కృతజ్ఞత కూడిక పెట్టాం. మేలు పొందినవాడే విందు పెట్టడం మనవాళ్ల పద్ధతి. కానీ సరుకులన్నీ దెబోరా తన డబ్బుతో కొని, బిర్యానీ తనే వండింది. బైబిల్లో, బలిపీఠం కట్టడానికి అరౌనా తన కళ్లం ఊరికే ఇస్తానన్నా దావీదు రాజు వెల ఇచ్చే తీసుకున్నాడు. తనకు ఖర్చుకాని దాన్ని దేవుడికి అర్పించనన్నాడు. అలాగే సుందరరావు స్తోత్రం సుందరరావు డబ్బుతోనే జరగాలని, దెబోరాకు చెప్పకుండా, దెబోరా పేరు మీదే బిల్లులన్నీ అధికారిణికి పంపాను. ఆవిడ చట్టం చూసి, వాడు తిన్న ఒక్క ప్లేటుకు మాత్రం లెక్కగట్టి దెబోరా ఇంటికి చెక్కు పంపింది. తక్కిన వాళ్లకు పెట్టిన భోజనం వాడి అవసరం కిందికి రాదట.

ఆ చెక్కు పట్టుకుని దెబోరా మా వంటింట్లోకి వచ్చింది. "అన్నయ్యా, తమ్ముడికి అన్నం పెట్టి బిల్లు వేసిన మనిషినయ్యాను ఆ ఆఫీసులో. నేను వాడికి పెట్టిన ముద్ద కూడా నీ ప్రసంగానికి కావాల్సొచ్చిందా?" అంది. నేను దావీదు సంగతి ఎత్తాను. "దావీదుకి అక్కచెల్లెళ్లుంటే తెలిసేది" అని చెక్కు బల్లమీద పడేసి పోయింది. దావీదుకు ఇద్దరున్నారు, సెరూయా, అబీగయీలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. నా జన్మలో నేను మింగేసిన వాక్యం అదొక్కటే.

అప్పటినుంచి తను మా గడప తొక్కలేదు. ఆదివారం తమ్ముడు మధ్యాహ్నం మా ఇంట్లో, సాయంత్రం వాళ్లింట్లో తింటాడు. మా ఇంట్లో తింటున్నంతసేపూ తలుపువైపే చూస్తాడు. రేపు నేను పోతే వాడి మధ్యాహ్నం ఏమవుతుందన్నదే నా దిగులు.

బిల్లులు పంపడం తప్పని ఇప్పటికీ అనను. అయినా బ్యాంకులో నా పేరనున్న సొమ్ములో సగం, ఏ షరతూ లేకుండా, దెబోరాకు. రొయ్యలు కొను, గోంగూర కొను, వాడి పుట్టినరోజు చెయ్యి, ఊరంతటినీ పిలువు. ఎవరికీ రాసి పంపక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు చెల్లెమ్మా. నా బైబిలు కూడా నీకే. దావీదు కళ్లం కొన్న పేజీలో ఆ చెక్కు ఉంది. గడువు ఎప్పుడో దాటిపోయింది.

5. పక్కింటి దామోదర్ గారు సాక్షి కాబట్టి ఆయనకు ఏమీ రాయవద్దని లాయరు చెప్పాడు. అందుకే నా మంచు తోడే పార బతికుండగానే ఇచ్చేశాను. షారన్, అది తిరిగి అడగకు.

6. నా భూస్థాపనకు ఖరీదైన పెట్టె కొనవద్దు. ఆ డబ్బు వంటకు పెట్టండి. ఆ ఖర్చంతా సొమ్ములో రెండో సగంలోంచి పోగా మిగిలింది మందిరానికి. ప్రసంగం క్లుప్తంగా ఉండాలి. సుందరరావు ఆకలికి ఆగలేడు. భోజనం మా ఇంట్లోనే, మధ్యాహ్నమే జరగాలి. వాడిని తలుపుకు ఎదురుగా కూర్చోబెట్టండి. వచ్చినవాళ్లందరి ప్లేట్లకూ నా డబ్బే. వాడి ప్లేటుకు మాత్రం నా డబ్బులోంచి ఒక్క సెంటు ముట్టకూడదు. ఆ ఒక్క ప్లేటు దెబోరా పెడుతుంది.

2011 నవంబరు 12, ఫార్మింగ్టన్ హిల్స్.

(సంతకం) కొల్లాబత్తుల అబ్రహాం

మా కళ్లెదుట, చదివి వినిపించి, సంతకం చేశారు:
సాక్షులు: దామోదర్, పొరుగింటివారు
మీనా, దామోదర్ గారి భార్య